చేలకు పేర్లుండేవి: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో అమితావ్ ఘోష్ నవల 'ది హంగ్రీ టైడ్' గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇరవై మూడు ఉత్తరాలొచ్చాయి. లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పుస్తకాలిచ్చాను గానీ ఒకే పుస్తకం గురించి ఇరవై మూడు మంది అడగటం, గ్రూప్-2 గైడు సంగతి వదిలేస్తే, నేనెప్పుడూ చూడలేదు. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఐదు ఏరాను. మిగతావాళ్ళు కోప్పడకండి. సినిమా పాటల్లో పర్యావరణం గురించి అడిగినాయన మాత్రం కోప్పడినా పర్వాలేదు.

ప్రశ్న: మేడమ్, మీరు రాశాక ఆ నవల తెప్పించుకున్నాను. ఊరివాళ్ళు పులిని పశువుల కొట్టంలో పట్టి తగలబెట్టే చోట చదవలేక పుస్తకం మూసేశాను. మా బడిలో ఎకో క్లబ్ నేనే నడుపుతాను. ఇంతకీ ఈ రచయిత పులి పక్షమా, మనిషి పక్షమా? పిల్లలకు ఏమని చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయుడు, పార్వతీపురం

జవాబు: మాస్టారూ, ముందు ఆ పుస్తకం మళ్ళీ తెరవండి. సరిగ్గా మూయకూడని చోట మూశారు.

అక్కడ మిమ్మల్ని కలవరపెట్టింది పులి చావు ఒక్కటే కాదనుకుంటాను. ఆ గుంపులో ఫొకిర్ కూడా ఉన్నాడు. అమెరికా నుంచి డాల్ఫిన్లను లెక్కపెట్టడానికి సుందర్‌బన్స్ వచ్చిన పియా, అప్పటిదాకా అతన్ని నదికి పుట్టిన బిడ్డలా చూసింది. పీతలు పట్టుకునే ఆ మనిషికి ఏ పాయలో డాల్ఫిన్లు ఎప్పుడు చేరతాయో తెలుసు. అలాంటివాడు పులి మీద జాలిపడాలని ఆమె అనుకుంది, మనమూ అనుకున్నాం. అతను బల్లెం పట్టిన గుంపులో కనిపించేసరికి మనకు ఒళ్ళు మండుతుంది. అడివి పక్కన బతికేవాడు మన పోస్టర్లలో బొమ్మలా ఉండాలని కోరుకున్నది మనమే. ఆ ఊళ్ళో మనుషుల్ని చంపిన పులి అది. చచ్చినవాళ్ళ పేర్లు పేపర్లో రావు.

ఇక పక్షం సంగతి. దానికి నవల లోపలున్న ఇంకో కథలోకి వెళ్ళాలి. కనాయ్ అనే ఢిల్లీ ఆయన చేతికి, ఎప్పుడో చనిపోయిన నిర్మల్ అనే పెద్దాయన, అంటే తల్లి తోబుట్టువు భర్త, రాసిపెట్టిన నోటుపుస్తకం ఒకటి వస్తుంది. నిర్మల్ రిటైరైన బడిపంతులు, మీలాగే. అందులో ఉన్నది మరిచ్‌ఝాపి దీవి కథ. అది కల్పన కాదు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల్లో ఎక్కువమంది నామశూద్రులు, అంటే దళితులు. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద వాళ్ళలో చాలామందిని తీసుకొచ్చి బస్తరు, కోరాపుట్ అడవుల్లో దించారు. నీళ్ళ మీద పుట్టి, పడవల మీద పెరిగిన జనానికి ఎర్రమట్టి కొండలు చూపించి ఇక్కడ బతకండి అన్నారు. 1978లో వేల కుటుంబాలు ఆ అడవి వదిలి సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపికి చేరాయి. బడి పెట్టుకున్నారు, గొట్టపుబావులు వేసుకున్నారు, పడవలు చెక్కుకున్నారు. అది రిజర్వు అడవి, పులుల కోసం కేటాయించిన చోటు అని ప్రభుత్వం 1979 జనవరిలో దీవిని దిగ్బంధం చేసింది. తిండి, మంచినీళ్ళు రాకుండా పడవలు అడ్డుపెట్టారు. మే నెలలో బలవంతంగా ఖాళీ చేయించారు. ఎంతమంది పోయారో లెక్క ఈరోజుకీ తేలలేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. చింతూరు దాటి ఒడిశాలో అడుగు పెడితే మల్కాన్‌గిరి జిల్లా. అక్కడి బెంగాలీ ఊళ్ళకు పేర్లు ఏమిటో తెలుసా? ఎం.వి. అని పెట్టి పక్కన ఒక అంకె. ఎం.వి. అంటే మల్కాన్‌గిరి విలేజ్. అవతల బస్తరు వైపు పరాల్‌కోట్ ఊళ్ళకు పి.వి. అని, పక్కన ఇంకో అంకె. ఊరికి అంకె వేసినవాడికి అది ఫైలు. ఆ అంకెల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు మరిచ్‌ఝాపిలో తమ బస్తీకి మొదట చేసిన పనుల్లో ఒకటి దానికి పేరు పెట్టుకోవడం. నేతాజీ నగర్ అన్నారు. చాలా మామూలు పేరే, ప్రతి ఊళ్ళోనూ ఒకటుంటుంది. కానీ అది వాళ్ళు పెట్టుకున్నది.

నవలలో ఆ దీవి మీద ఉన్న కుసుమ్, ఫొకిర్ తల్లి, ఒకమాట అడుగుతుంది. జంతువుల కోసం మమ్మల్ని చంపాలనుకునేంత ప్రేమ ఎవరిది, వాళ్ళెక్కడుంటారు, తమ పేరు మీద ఏం జరుగుతోందో వాళ్ళకు తెలుసా, అని. నేను తిరిగి తిరిగి చదివిన పేజీ అది. పులిని కాపాడొద్దని ఘోష్ ఎక్కడా అనడు. ఆ ఖర్చు ఎవరి పద్దులో రాశారో చూడమంటాడు.

ఒక ఫిర్యాదు మాత్రం నాకుంది. ఇంత పెద్ద నవలలో ఫొకిర్ నోరు విప్పేది చాలా తక్కువ. అతని మనసు పియా ఊహిస్తుంది, కనాయ్ అనువదిస్తాడు, భార్య మొయ్నా సగం చెప్తుంది. చివరికి తుపానులో అతను పోయాక మిగిలింది, అతని పడవ తిరిగిన దారులన్నీ గుర్తుపెట్టుకున్న పియా జీపీఎస్ పరికరం. దాన్నే ఆధారం చేసుకుని అతని పేరుతో ప్రాజెక్టు పెడతానంటుంది ఆమె. ఇది నివాళా, దోపిడీయా అని నేనూ మా తమ్ముడూ ఒక రాత్రంతా వాదించుకున్నాం. తేలలేదు.

పిల్లలకు బొన్‌బీబీ కథ చెప్పండి. సుందర్‌బన్స్‌లో హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే అడవితల్లి. ఆమె కథ ఉన్న చిన్న పుస్తకం బెంగాలీలోనే ఉంటుంది, పేజీలు మాత్రం అరబ్బీ పుస్తకంలా కుడి నుంచి ఎడమకు తిప్పాలి. పిల్లలకు ఈ ముక్క భలే నచ్చుతుంది. తేనె కోసం వెళ్ళిన బంధువు పులిరూపంలో తిరిగే దొక్ఖిన్ రాయ్‌కి దుఖే అనే పేదపిల్లాణ్ణి అప్పగించి వచ్చేస్తాడు, బొన్‌బీబీ కాపాడుతుంది. అత్యాశతో అడివిలోకి రావద్దు, అవసరానికి మించి పట్టుకుపోవద్దు, ఇదీ ఆమె చట్టం. మీ ఎకో క్లబ్ చార్టు మీద రాయడానికి ఇంతకంటే ఏం కావాలి?

ప్రశ్న: ఎప్పుడూ బెంగాలీ, మలయాళం, ఇంగ్లీషేనా? తెలుగులో అడివి గురించి రాసినవాళ్ళే లేరా? ఇల్లు అలికి పక్కింట్లో ముగ్గేసినట్టుంది మీ వరస.
– ప్రొద్దుటూరు నుంచి

జవాబు: ముగ్గు మాట బాగుంది, వాడుకుంటాను. ఉన్నారు నాయనా, అందులో ఒకాయన మీ జిల్లావాడే. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' చదివారా? తానా బహుమతి పొందిన నవల. 2021లో సినిమా కూడా వచ్చింది. వాన జాడ లేని ఏడు మందను బతికించుకోవడానికి గొర్రెలు తోలుకుని నల్లమల ఎక్కి వారాల తరబడి అక్కడే ఉండటాన్ని కొండపొలం పోవడం అంటారు. ఇంజినీరింగ్ చదివి, ఇంటర్వ్యూల్లో గొంతు పెగలక ఉద్యోగం రాని కుర్రాడు తండ్రి వెంట అలా పోతాడు. గొర్రెలకాపరి కొడుకునని చెప్పుకోడానికి సిగ్గుపడే పిల్లాడు, తండ్రి అడివిని చదివే తీరు చూసి నోరు తెరుస్తాడు. అక్కడా పులి ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలో అన్నిటికన్నా విస్తీర్ణం ఎక్కువున్నది. కాపరికి పులి శత్రువూ కాదు, దేవుడూ కాదు. దారిలో ఎదురయ్యే పెద్దమనిషి లాంటిది, చూసి తప్పుకోవాలి.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' కూడా తీయండి. తప్పిపోయిన పంది కోసం ఒక ముసలాయన అడివిలో గడిపిన ఒక్క రాత్రి, అంతే కథ. కేశవరెడ్డి గారు డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేసేవారు. పగలు రోగుల్ని చూసి రాత్రి ఈ అడివి ఎలా రాశాడో నాకు ఆశ్చర్యం. పేరులో జయించాడు అని ఉంది కదా, ఎవరు ఎవర్ని జయించారో చివరి పేజీ దాకా ఆగండి.

మలయాళం వాళ్ళను పొగుడుతూనే ఉంటాను, అది వేరే సంగతి.

ప్రశ్న: నమస్తే మేడమ్. 'సమకాలీన దక్షిణాసియా కల్పనా సాహిత్యంలో అస్తిత్వం, జ్ఞాపకం, పర్యావరణం' నా పరిశోధన అంశం. మూడింటికి మూడు అధ్యాయాలు పెట్టాను. పుస్తకాలు సూచించగలరు.
– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మూడు అధ్యాయాలుగా కోసేస్తే పప్పులో పప్పు వేరు, పులుపు వేరు, పోపు వేరు చేసినట్టు ఉంటుందమ్మా. మీ గైడుకు చెప్పలేకపోతే నా మీద పెట్టి చెప్పండి.

రొమేశ్ గుణశేఖర 'రీఫ్' (1994) చూడండి. శ్రీలంకలో సాల్గాడో అనే దొరగారు సముద్రంలో తరిగిపోతున్న పగడపు దిబ్బల మీద పరిశోధన చేస్తుంటాడు, ట్రైటన్ అనే కుర్రాడు ఆయన వంటవాడు. దేశం హింసలో పడ్డాక ఇద్దరూ లండన్ చేరతారు. ఇప్పుడా వంటవాడికి ఊరు గుర్తుండేది కొబ్బరిపాలలో, చేపల కూరలో, దినుసుల కొలతల్లో. అక్కడ జ్ఞాపకం ఎక్కడ ఆగింది, పర్యావరణం ఎక్కడ మొదలైంది? గీత గీయగలిగితే నాకు రాయండి.

పెరుమాళ్ మురుగన్ 'పూనాచ్చి' రెండోది. ఒక నల్లమేకపిల్ల కథ. 2015లో ఒక నవల మీద గొడవలై, రచయిత మురుగన్ చనిపోయాడని తనే ప్రకటించి కలం పక్కన పెట్టినాయన, తిరిగొచ్చాక రాసిన నవల ఇది. మనుషుల గురించి రాయాలంటే భయం, మేకల గురించి రాస్తానన్నాడు. ఆ మేక పుట్టగానే సర్కారు వాళ్ళ దగ్గర క్యూలో నిలబడి చెవి కుట్టించి నంబరు వేయించాలి. ముసలమ్మ దానికి పూనాచ్చి అని పేరు పెట్టుకుంటుంది. చెవికి నంబరు, ఇంట్లో పేరు. మీ పరిశోధన మొత్తం ఆ రెండింటి మధ్య పడుతుంది. ఈ ముక్క వాడుకుంటే నా పేరు వేయనక్కర్లేదు, థీసిస్ కాపీ ఒకటి పంపండి చాలు.

ప్రశ్న: ఇవన్నీ ఏడుపు పుస్తకాలు. ఆఫీసులో టెన్షన్, ఇంటికొస్తే ఇదో టెన్షన్. చదివితే లోకం ఏమన్నా మారుతుందా?
– విజయవాడ

జవాబు: మారదు. కేరళలో కాసర్‌గోడ్ జిల్లా జీడిమామిడి తోటల మీద ఇరవై ఏళ్ళకు పైగా హెలికాప్టర్ నుంచి ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. కింద ఊళ్ళలో పిల్లలు ఎలా పుట్టారో మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతా ఆపించింది. ఆపించింది అక్కడి తల్లులు, డాక్టర్లు, కోర్టుకెక్కినవాళ్ళు. అంబికాసుతన్ మాంగాడ్ నవల 'ఎన్మకజె' (2009) ఒక్కటే ఆపించిందని నేను చెప్పను. కానీ ఎన్మకజె అన్నది నిజంగా ఉన్న పంచాయతీ పేరు. పురుగుమందు బాధితుల ప్రాంతం అని రిపోర్టులు రాస్తే, ఆయన ఆ ఊరి పేరునే అట్ట మీద వేశాడు. లోకంతో విసిగి మీలాగే ఏ టెన్షనూ వద్దని కొండ మీదికి పోయి బతుకుతున్న జంట ఇంటికి ఒక జబ్బుపిల్లాడు వస్తాడు, కథ అక్కడ మొదలవుతుంది. వారాంతంలో చదవండి. నవ్వొచ్చే పుస్తకం కావాలంటే వచ్చే నెల చెప్తాను.

ప్రశ్న: అక్కా, నేను పుట్టింది హైదరాబాద్‌లో, ఉండేది డాలస్‌లో. మా నాయనమ్మ ఊరు శ్రీశైలం నీళ్ళలో మునిగింది. నేను పుట్టేసరికే ఆ ఊరు లేదు. దాని మీద నవల రాయాలని రెండేళ్ళుగా కుస్తీ పడుతున్నాను. చూడని ఊరి గురించి రాసే హక్కు నాకుందా? నాయనమ్మకు ఎనభై ఆరు. ఫోన్లో అడిగితే ఒక్కోసారి ఒక్కోలా చెప్తోంది. ఏది నిజమని రాయను?
– డాలస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. మిగతావి ఒక పూటలో రాశాను, నీకే ఆలస్యమైంది. మాదీ ఆ నీళ్ళలో పోయిన ఊరే తల్లీ.

1981లో నాకు పద్నాలుగేళ్ళు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి సుమారు వంద ఊళ్ళు లేచిపోయాయి. మా నాయన ద్వారబంధాలూ దూలాలూ ఊడదీసి బండికెత్తాడు. రోలు బరువని వదిలేశాడు, దానికి మా అమ్మ చచ్చేదాకా దెప్పింది. ఎవరు అన్యాయం చేశారు, ఎంత పరిహారం ఎగ్గొట్టారు అన్నది నీ నవలలో నువ్వు తేల్చుకో. నేను చెప్పేది వేరే.

మా చేలకు పేర్లుండేవి. ఏటిగడ్డ చేను, రాళ్ళమిట్ట, దయ్యాలగుంత, చింతమాను చేను, మంగలోళ్ళ మడక. కొత్త ఊళ్ళో ఇచ్చిన భూమికి సర్వే నంబరు ఉంది, పేరు లేదు. నలభై ఏళ్ళయినా పేరు పుట్టలేదు. నంబరు చేలో పని చేసి ఇంటికొచ్చి, అన్నం తింటూ మా నాయన దయ్యాలగుంతలో జొన్న గురించి మాట్లాడేవాడు. మల్కాన్‌గిరిలో అంకెల ఊళ్ళ గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

పోయిన ఉగాదికి మా తమ్ముడూ నేనూ కూర్చుని ఆ పేర్లన్నీ రాసుకుందామనుకున్నాం. నాకు పదకొండు వచ్చాయి. వాడికి తొమ్మిది. కలిసినవి ఆరే. చింతమాను తూర్పునుందని నేను, పడమరని వాడు. ఇద్దరం చిన్నపిల్లల్లా అరుచుకున్నాం. వాడు చిన్నవాడు, వాడికేం తెలుసని నా మనసులో ఇప్పటికీ ఉంది. చెట్టు మాత్రం నీళ్ళ కింద ఉంది, సాక్ష్యానికి రాదు.

కాబట్టి నాయనమ్మ ఒక్కోసారి ఒక్కోలా చెప్తే, అన్నీ రాసుకో. తేదీతో సహా రాసుకో. 'హంగ్రీ టైడ్'లో నిర్మల్ నోటుపుస్తకం చివరికి నీళ్ళలో పోతుంది. కనాయ్ చదివింది గుర్తుతెచ్చుకుని మళ్ళీ రాస్తానంటాడు. ఆ రాసింది నిర్మల్‌దా, కనాయ్‌దా? మీ నాయనమ్మ ఊరు గురించి నువ్వు రాసేది కూడా అలాంటిదే అవుతుంది.

హక్కు మాటంటావా. సారా జోసెఫ్ మలయాళంలో రాసిన 'బుధిని' ఇంగ్లీషులో దొరుకుతుంది, తెప్పించుకో. 1959 డిసెంబర్ 6న దామోదర్ నది మీద పాంచెత్ డ్యాము ప్రారంభానికి నెహ్రూ వచ్చాడు. బుధిని మేఝాన్ అనే సంథాల్ అమ్మాయి ఆయనకు దండ వేసింది. మీట కూడా ఆ అమ్మాయి చేతే నొక్కించారు. పరాయివాడికి దండ వేస్తే పెళ్ళయినట్టేనని ఆమె కులపెద్దలు ఆమెను వెలివేశారు. ఆమె మొన్న 2023 దాకా బతికుంది. నవల రాసిన సారా జోసెఫ్ ఆ ఊరిది కాదు, ఆ భాషది కాదు, ఆ తెగది అసలే కాదు. అందుకే కథలో రూపీ ముర్ము అనే కుర్ర విలేకరిని పెట్టి ఆమె చేత వెతికించింది. అంటే తెలియనితనాన్ని దాచలేదు, దాన్నే కథనం చేసింది. నువ్వూ డాలస్‌ను దాచకు. ఫోను, పదిన్నరో పదకొండున్నరో గంటల తేడా, గరగరలు, నువ్వు అడిగిన తప్పు ప్రశ్నలు, అన్నీ రానివ్వు. చూసినట్టు నటించి కృష్ణ ఒడ్డున సూర్యాస్తమయం వర్ణించావో, పదో పేజీలో దొరికిపోతావు.

వేసవిలో వస్తే సంగమేశ్వరం పోదాం. ఏడు నదులు కలిసే చోటని చెప్తారు. గుడిలో వేపకర్ర లింగం. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళలో ఉండి, నీళ్ళు దిగినప్పుడు బయటికొస్తుంది. పూజారులు, భక్తులు, కొబ్బరికాయలవాళ్ళు, అందరూ ఆ కొన్నాళ్ళకే వస్తారు. నీళ్ళు వెనక్కి పోయిన ఒండ్రులో జనం పంటలు కూడా వేస్తారు. నేను రెండుసార్లు పోయాను. మొదటిసారి ఏడుస్తానని చేతిరుమాలు రెండు పెట్టుకుని పోయాను. తీరా అక్కడ ఎండ మాడ్చేసి, చెప్పులు బురదలో దిగబడి, ఏడుపు సంగతే మర్చిపోయాను. నీ నవలలో ఇలాంటి బురద ఉండాలి.

ఈలోపు చేయాల్సిన పని ఒకటుంది. ఊరు ఎలా ఉండేది నాయనమ్మా అని అడగొద్దు. అలా అడిగితే ఎవరైనా చల్లగా ఉండేది, బంగారంలా ఉండేది అంటారు. నీళ్ళకు ఏ దారిన పోయేవాళ్ళు, బిందె ఎక్కడ దించుకునేవాళ్ళు, ఆ దారిలో మొదట ఎవరి చేను తగిలేది, దాన్నేమని పిలిచేవాళ్ళు, అలా అడుగు. ఒక చేను పేరు వస్తే దాని వెనక మనిషి వస్తాడు, ఆ మనిషి వెనక తగాదా వస్తుంది. సాయంత్రాలు వినికిడి మిషను తీసేస్తుందని రాశావు కదా, మన పొద్దున ఏడున్నరకి చెయ్యి, కాఫీ తాగాక. మంగలోళ్ళ మడక అన్న పేరు ఆమె ఎప్పుడైనా విన్నదేమో కూడా అడుగు. మీ ఊరికీ మా ఊరికీ మధ్య పొలిమేర ఎక్కడుండేదో మా తమ్ముడితో నాకు ఇంకో పందెం ఉంది.